కొండ మీద ఏసీ రిపేరు

ఒమాన్‌లో చలి ఉంటుందంటే మా వైపు ఎవరూ నమ్మరు. గల్ఫ్ అనగానే వాళ్ళకి ఎండ తప్ప ఇంకేమీ కనబడదు. నన్ను జబల్ అఖ్దర్ కొండ మీది ఆసుపత్రికి నర్సుగా బదిలీ చేశారనీ, అక్కడ జనవరిలో పొద్దున్నే బకెట్లో నీళ్ళ మీద మంచు పొర కడుతుందనీ ఫోన్‌లో చెబితే మా పిన్ని, "డ్యూటీలు ఎక్కువై నీకు నిద్ర చాలట్లేదే, ముందు కాసేపు పడుకో" అంది. ఆ చలికి మేం ఏసీ వేసుకుంటామని కూడా చెబితే ఫోన్ పెట్టేసేదే. అందుకని ఆ ముక్క చెప్పలేదు.

నిజానికి కొండ మీద నా క్వార్టర్స్‌లో ఏసీ ఉన్నదే చలికి. వేసవిలో అక్కడ కిటికీ తీస్తే చాలు. చలికాలంలో రిమోట్ మీద సూర్యుడి బొమ్మ ఉన్న బటన్ నొక్కితే అదే డబ్బా వేడిగాలి వదులుతుంది. మస్కట్‌లో పదేళ్ళున్నాను, ఆ సూర్యుడి బొమ్మ ఎందుకు పెట్టారో నాకెప్పుడూ అర్థం కాలేదు. అక్కడ బయట ఉన్న సూర్యుడితోనే వేగలేక చచ్చేవాళ్ళం, ఇంట్లోకి ఇంకొకణ్ణి ఎవరు పిలుస్తారు?

బదిలీ ఉత్తర్వు వచ్చేనాటికి మాది మస్కట్ బౌషర్‌లో రెండు గదుల ఫ్లాటు. మా ఆయన రుసైల్‌లో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్. పాపకి తొమ్మిదేళ్ళు, మస్కట్‌లో మన సిలబస్ బడిలో చదువుతోంది. కొండ మీద అలాంటి బడి లేదు. కాబట్టి నేను పైకి, వాళ్ళిద్దరూ కిందే. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి గురువారం సాయంత్రం వాళ్ళు కొండెక్కి వచ్చి శనివారం దిగిపోవాలని ఒప్పందం.

కొండ కింద పోలీస్ చెక్‌పోస్ట్ ఉంటుంది. ఫోర్‌వీల్ బండి అయితేనే పైకి వదులుతారు. మా చిన్న కారుని అక్కడే ఆపేసుకోవాలి. "మరి ఎలాగండీ?" అని నేను అడిగితే, "తెలిసినవాళ్ళ బండి ఉందిలే, ఎక్కించుకొచ్చేస్తారు" అన్నాడు మా ఆయన. ఎవరా తెలిసినవాళ్ళని నేను ఆరా తీయలేదు. రుసైల్‌లో ఆయనకి తెలియని మనిషంటూ ఉంటే గదా.

మొదట్లో ప్రతి వారం వచ్చారు. తర్వాత వారం విడిచి వారమైంది. రాని వారం ఆయన ఫోన్ చేసి, "పాపకి చలి పడట్లేదే, ఈ వారం వద్దంటోంది" అనేవాడు. సరే, పిల్ల కదా అనేదాన్ని పైకి. ఫోన్ పెట్టేశాక మాత్రం అన్నం సహించేది కాదు. పిల్లలు దూరమవడం పోట్లాటతో మొదలవదనీ, ఇలాగే 'ఈ వారం వద్దులే'తో మొదలవుతుందనీ నాకు భయంగా ఉండేది. వచ్చినప్పుడు కూడా అది ఆ ఇంటిని 'మన ఇల్లు' అనేది కాదు, 'మమ్మీ రూమ్' అనేది. రూమ్ అంటే కంపెనీ ఇచ్చేది, డ్యూటీ అయ్యాక పడుకోవడానికి వెళ్ళేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎక్కడో గుచ్చుకునేది.

అందుకే దాని వారం రోజుల చలికాలం సెలవుల మీద పెద్ద ఆశ పెట్టుకున్నాను. వాళ్ళ నాన్న శనివారం వెళ్ళిపోయినా అది నాతో ఉండిపోవాలి, సెలవులన్నీ. ఫోన్‌లో అడిగితే, "వచ్చి చూస్తాను మమ్మీ" అంది. పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళు అన్నట్టు అంది. నేనూ అలాగే సిద్ధమయ్యాను. కొండ కింది నిజ్వా బజారులో మందపాటి దుప్పటి కొన్నాను. ఆ వారమంతా పగటి డ్యూటీలు వేయించుకుని, నేను లేనప్పుడు పాపని చూసుకోమని పక్క క్వార్టర్స్‌లో ఉండే మలయాళీ సిస్టర్‌ని బతిమాలుకున్నాను. ఇక గది వెచ్చగా ఉంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాననుకున్నాను. గది వెచ్చదనం ఏసీ చేతిలో ఉంది. ఏసీ మా ఆయన చేతిలో పడింది.

ఆయన గురించి కాస్త చెప్పాలి. మస్కట్‌లో మా తెలుగు కుటుంబాల్లో ఆయన ఏసీ డాక్టరు. ఎవరింట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకున్నా, ఆమెన్ అయ్యాక పులిహోర పళ్ళెం అందుకునే లోపల ఇంటావిడ వచ్చి, "అన్నయ్యగారూ, మా ఏసీ ఒకసారి చూడరా, చల్లగా రావట్లేదు" అంటుంది. ఈయన చొక్కా చేతులు మడిచి జాలీ పీకి, బాత్రూమ్ కుళాయి కింద కడిగి పెడతాడు. ఎక్కువ వైద్యం అవసరమైతే మేడ మీదికెక్కి, బయట పెట్టిన పెద్ద డబ్బా మీద రెండు బకెట్ల నీళ్ళు పోస్తాడు. మే నెలలో ఆ డబ్బా ఎండకి కాలిపోతూ ఉంటుంది, నీళ్ళు పడగానే లోపల గాలి చల్లబడుతుంది. రుసైల్ గోడౌన్లలో అయితే దాని మీద తడి గోనెపట్టా కూడా కప్పుతారు. ఇంటావిడలు మురిసిపోయి టిఫిన్ డబ్బా నిండా కోడికూర పెట్టి పంపేవాళ్ళు. మస్కట్‌లో ఏసీ రిపేరు ఖర్చంటే మా లెక్కలో అంతే. పైగా అది మాకు వచ్చేది, పోయేది కాదు.

ఆ గురువారం వాళ్ళొచ్చేసరికి గది హాయిగా ఉంది. పాప కొత్త దుప్పటిని చేత్తో నిమిరి చూసి, బాగుందంది. సగం గెలిచానని సంబరపడ్డాను. మధ్య మధ్యలో ఏసీ వేడిగాలి ఆపేసి, కాసేపు ఊరుకుని, మళ్ళీ మొదలుపెడుతోంది. చలికాలం మొదలైనప్పటి నుంచీ అది అంతే. నేను దాని తీరుకి అలవాటు పడిపోయాను. మా ఆయన మాత్రం అది ఆగినప్పుడల్లా నొసలు ముడేసి గోడవైపు చూశాడు. రోగిని దూరం నుంచే పరీక్షిస్తున్నట్టు చూసే ఆ చూపు నాకు తెలుసు.

శుక్రవారం డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చేసరికి ఇంటి వెనక ఏసీ బయటి డబ్బా దగ్గర మా ఆయన చొక్కా చేతులు మడిచి, బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాప జాకెట్ జేబుల్లో చేతులు పెట్టుకుని పక్కన నిలబడి చూస్తోంది.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను.

"దీనికి ఊపిరాడట్లేదే. రెక్కల నిండా దుమ్ము. అందుకే మాటిమాటికీ ఆగిపోతోంది. ఆపేసి, శుభ్రంగా నీళ్ళు పోశాను. కాస్త ఆరాక వేద్దాం. ఇక చూడు, చెమటలు పట్టాలి నీకు."

పదేళ్ళుగా ఆయన నీళ్ళు పోస్తే బాగుపడిన ఏసీలనే చూశాను. పైగా పాప వాళ్ళ నాన్నని చూసే చూపులో గర్వం ఉంది. కాసేపటికి ఎండ కొండ అవతలికి జారింది. కొండ మీద ఎండ పోయిందంటే ఎవరో తలుపు తీసి పెట్టినట్టు చలి లోపలికొచ్చేస్తుంది. బాగా చీకటి పడ్డాక ఆయన వచ్చి సూర్యుడి బొమ్మ నొక్కాడు.

వెనక నుంచి టకటకమని చప్పుడైంది. తర్వాత ఒక పెద్ద చప్పుడు. తర్వాత అసలు చప్పుడే లేదు.

టార్చ్ వేసుకుని వెళ్ళి చూశాం. ఆరడానికని వదిలేసిన నీళ్ళు ఆరలేదు, గడ్డకట్టాయి. డబ్బా అడుగున మంచు పేరుకుపోయి ఉంది. తిరగబోయిన ఫ్యాన్ దానికి కొట్టుకుని రెక్క విరిగింది. మా ఆయన టార్చ్‌ని దాని మీద ఒకసారి, ఆకాశం మీద ఒకసారి వేశాడు. ఆకాశంలో ఆయనకి కావలసిన సమాధానం దొరికినట్టు లేదు.

"మస్కట్‌లో ఎప్పుడూ ఇలా అవలేదే" అన్నాడు.

"మస్కట్‌లో నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయండీ" అన్నాను. ఇంకా చాలా అనాలని నోటిదాకా వచ్చింది. పాప ముందు వద్దని మింగేశాను. మింగినవన్నీ తర్వాత నిదానంగా అన్నాను, అది వేరే సంగతి.

వంటింట్లో స్టవ్ పక్కన నిలబడే వేడి వేడి చారన్నం తిన్నాం. ఉన్న దుప్పట్లన్నీ ఒకచోట పోగేసి ముగ్గురం వాటి కింద దూరాం. ముక్కు మాత్రమే బయటపెట్టి పాప, "మమ్మీ, నీ రూమ్ చాలా చల్లగా ఉంది" అంది. అంతే అంది. ఇక రేపు వాళ్ళ నాన్నతో పాటే ఇదీ దిగిపోతుందని నేను ఖాయం చేసుకున్నాను. కోపం మొత్తం ఆ బకెట్ మీదికి పోయింది. బకెట్ పట్టుకున్న మనిషి గురకపెడుతున్నాడు.

శనివారం నాకు డ్యూటీ లేదు. పొద్దున్నే మస్కట్‌లో తెలిసిన మెకానిక్‌లందరికీ ఫోన్లు చేశాం. కొండ పేరు చెప్పగానే ఒకాయన నవ్వాడు, ఇంకొకాయనకి ఉన్నట్టుండి సిగ్నల్ పోయింది. చివరికి ఆసుపత్రి అంబులెన్స్ డ్రైవర్ నిజ్వాలో ఉండే ఒక మెకానిక్ నంబర్ ఇచ్చాడు. కడప మనిషి. మన భాష వినగానే నాకు సగం చలి తగ్గింది.

మధ్యాహ్నానికి తనే ఫోర్‌వీల్ బండి నడుపుకుంటూ వచ్చాడు. కోతిటోపీ, రెండు స్వెట్టర్లు, వాటి మీద శాలువా. దిగుతూనే, "అస్సలామలైకుం సిస్టర్. ఈ చలిలో మీరెట్ల ఉండారో ఏమో. ముందు కొంచెం చాయ్ ఇస్తే చేతి ఏళ్ళు కదులుతాయి" అన్నాడు. చాయ్ తాగి వెనక్కి వెళ్ళి, డబ్బా మూత విప్పి, లోపల నీడలో ఇంకా కరగని మంచుని స్క్రూడ్రైవర్‌తో తట్టి చూశాడు.

"నీళ్ళు ఎవరు పోసినారు?" అన్నాడు.

మా ఆయన ఎదురుగా ఉన్న దానిమ్మ తోటలని చూడటం మొదలుపెట్టాడు. జనవరిలో వాటి మీద ఒక్క ఆకు కూడా లేదు, అయినా చాలా శ్రద్ధగా చూశాడు.

మెకానిక్‌కి అర్థమైపోయింది. "ఫికర్ చేయొద్దు సార్. నేను కూడా మొదటి చలికాలం ఈడ హోటల్లో పైపు పెట్టి కడిగినాను. మూడు ఏసీలు పోయినాయి. మా ముదీర్, అదే మేనేజరు, నా జీతంలో కోసినాడు. రుసైల్‌లో నేర్చుకున్న పని ఈడ పనికి రాదని అప్పుడు తెలిసింది."

తర్వాత విషయం చెప్పాడు. వేసవిలో ఆ డబ్బా ఇంట్లోని వేడిని బయటికి తోస్తుంది, అందుకని అది కాలుతుంది, నీళ్ళు పోస్తే దానికి సుఖం. చలికాలంలో పని తిరగబడుతుంది. బయటి గాలిలో ఉన్న కాస్త వేడిని అది లోపలికి లాగాలి, అందుకని డబ్బా చల్లబడిపోతుంది, దాని మీద మంచు దానంతటదే పడుతుంది. అప్పుడప్పుడూ వేడిగాలి ఆపేసి ఆ మంచుని అదే కరిగించుకుంటుంది. "మధ్యలో ఆగితే చెడిపోయిందని కాదు సార్. దాని పని అది చేసుకుంటాంది. దాన్నట్ల ఇడిసిపెట్టాల." మా ఆయన తోటల మీంచి చూపు మరల్చకుండానే తలాడించాడు.

ఇక ఖర్చు దగ్గరికి వచ్చాం. ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఆయన ఏసీ డాక్టరైతే నేను బేరాల సర్జన్‌ని. మస్కట్ రూవీ బజారులో కొత్తిమీర కట్ట నుంచి బంగారం దాకా నేను చెప్పిన ధరకి రాకుండా ఎవరూ బతికి బయటపడలేదు. ముందురోజు మింగిన కోపం కూడా ఇంకా కడుపులో ఉంది.

"వచ్చి చూసినందుకు ఐదు రియాల్ సిస్టర్. ఫ్యాన్ రెక్క, మోటారు కలిపి ముప్పై. బిగించేదానికి పది. బండికి ఇరవై ఐదు."

"చూసినందుకు కూడా డబ్బులా? నేను రోజూ ఎంతమందిని చూస్తాను, ఎవరైనా ఇస్తున్నారా నాకు?" అన్నాను. ఐదు పోయింది. "మీ కడపలో మా పెద్దక్కని ఇచ్చారు, నాకు ఆ ఊరంటే అభిమానం" అన్నాను. అది నిజమే. బిగించే పది ఏడైంది. ముప్పై ఇరవై ఏడుకి దిగింది. పాప గుమ్మంలో కూర్చుని, ఆట చూస్తున్నట్టు నన్నొకసారి మెకానిక్‌ని ఒకసారి చూస్తోంది. నాకు ఉత్సాహం వచ్చింది.

"ఇక బండి. కొండెక్కినందుకు ఇరవై ఐదేంటండీ? రెక్కకీ మోటారుకీ కలిపి ఇరవై ఏడయితే, దాన్ని మోసుకొచ్చే బండికి ఇరవై ఐదా? పది ఇస్తాను."

"బండిది మాత్రం తగ్గేది లేదు సిస్టర్. కంపెనీ బండి కాదు, బాడుగది. కొండ కింద ఎవర్నడిగినా పోయి వచ్చేదానికి అదే రేటు. మంగళవారం పార్టు తెస్తాను, అప్పుడు హోటల్ పని ఉంది కాబట్టి ఆ బాడుగ నేను అడగను. ఈరోజుది ఇయ్యాల్సిందే."

"ఎవర్నడిగినా అంటారేంటి? మావాళ్ళు రెండు వారాలకోసారి వస్తున్నారు. ఒక్క బైసా అవదు. తెలిసినవాళ్ళు ఎక్కించుకొస్తారు. అడగండి ఆయన్ని."

మెకానిక్ ఆయన వైపు చూశాడు. ఆయన చూపు మళ్ళీ దానిమ్మ తోటల్లోకి వెళ్ళిపోయింది.

గుమ్మంలోంచి పాప అంది. "మమ్మీ, అంకుల్ కరెక్టే చెబుతున్నారు. మాకు కూడా ఇరవై ఐదే. కింద చెక్‌పోస్ట్ దగ్గర తెల్ల బండి తాతకి డాడీ ఇస్తారు."

"తెలిసినవాళ్ళ బండి కాదా?"

"ప్రతిసారీ ఆయన బండే ఎక్కుతాం కదా, ఇప్పుడు తెలిసినవాళ్ళే" అంది పాప. తండ్రిని కాపాడదామనే అంది. తర్వాత కాస్త ఆలోచించి, "ప్రతి వారం అంత ఇవ్వలేమని, వారం విడిచి వారం వెళ్దామన్నారు డాడీ" అంది.

నేను బేరం సంగతే మర్చిపోయాను. "నువ్వే వద్దన్నావట గదా. చలి పడట్లేదన్నావట."

"నేనా? నేనెప్పుడూ వద్దనలేదు మమ్మీ."

దాని ముఖంలో నిజంగానే ఆశ్చర్యం. నేను ఆయన వైపు తిరిగాను.

"చెబితే నెలకోసారి రమ్మంటావు. నీ సంగతి నాకు తెలీదా?" అన్నాడు ఆయన నెమ్మదిగా. "నెల రోజులంటే ఇది ఊరుకోదు. నేనూ ఊరుకోలేను."

ఖాయంగా నెలకోసారే రమ్మనేదాన్ని. మిగిలిన డబ్బు చూసి సంతోషపడేదాన్ని కూడా. ఇన్నాళ్ళూ నా కూతురు నాకు దూరమవుతోందని నేను ఏడ్చిన ఏడుపంతా ఒక బండి బాడుగ. ఆయన మీద ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా, ఎన్నాళ్ళ తర్వాతో, సంతోషమేసింది. పిల్ల రానని అనలేదు. ఆ ఒక్క మాట కోసం ఆ ఏసీ పూర్తిగా కాలిపోయినా నాకు ఫర్వాలేదనిపించింది.

లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చి మెకానిక్ చేతిలో పెట్టాను. బండికి ఇరవై ఐదూ పెట్టాను. ఆయన లెక్క చూసుకుని, కాస్త మొహమాటంగా, "సార్, నేను ఎట్లా ఖాళీ బండే దిగుతాను. సిస్టర్ పోయి వచ్చేదానికి ఇచ్చినారు. మీరూ పాపా రాండి, చెక్‌పోస్ట్ కాడ దింపుతాను" అన్నాడు.

మా ఆయనకి ఆదివారం పొద్దున్నే డ్యూటీ. ఎలాగూ వెళ్ళాలి. లేచి బ్యాగు అందుకున్నాడు. నేను పాప స్వెట్టర్ గుండీలు పెట్టి, దాని బ్యాగు చేతిలోకి తీసుకుని మనసు గట్టి చేసుకున్నాను. మంగళవారం దాకా గదిలో వేడి ఉండదు. రాత్రి ఎలా ఉంటుందో నిన్న చూశాం. నా ఆశ కోసం పిల్లని చలిలో కూర్చోబెట్టడం న్యాయం కాదు.

"నువ్వు డాడీతో వెళ్ళిపో అమ్మా. వచ్చేసారి ఉందువుగాని. గది బాగా వెచ్చగా పెడతాను."

అది కదల్లేదు. వేళ్ళు మడిచి ఏదో లెక్కేసుకుంది. బేరానికి కూర్చున్నప్పుడు నేనూ అలాగే వేళ్ళు మడుస్తాను.

"డాడీ ఈ వారం వచ్చేశారు కదా. అంటే వచ్చే వారం రారు. నేను ఇప్పుడు దిగిపోతే మళ్ళీ రెండు వారాల దాకా మనం కలవం" అంది. "అదే నేను ఇక్కడే ఉంటే, నన్ను తీసుకెళ్ళడానికి డాడీ వచ్చే గురువారం రావాల్సిందే. ఇరవై ఐదైనా సరే."

బండి పక్కన నిలబడ్డ మెకానిక్ అందరికంటే ముందు నవ్వాడు. మా ఆయన బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, "ఇది అచ్చం నీ కూతురే" అన్నాడు.

"చలేస్తుందే పాపా" అన్నాను.

"తెలుసు మమ్మీ. మన ఇల్లు చాలా చల్లగా ఉంటుంది" అని, అది తన బ్యాగు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.